చెంగల్రాయుడి పల్చటి నూనె

ఆ ఆదివారం పొద్దున చెంగల్రాయుడు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. బండికి ఆయిలు మార్చడం, స్నానం చేయడం, ఇడ్లీ తినడం, పందేనికి పోయి కప్పు తెచ్చుకోవడం. ఇందులో స్నానమూ ఇడ్లీలూ మాత్రమే అనుకున్నట్టు జరిగాయి.

నగరిలో చెంగల్రాయుడికి మరమగ్గాలున్నాయి. వయసొచ్చినప్పటి నుంచీ వాటికి తన చేత్తోనే నూనె పోస్తున్నాడు. కాబట్టి నూనె సంగతి తనకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని ఊరంతా ఒప్పుకుంటుందని ఆయనే చెబుతుంటాడు. ఆయన పరీక్ష ఒకటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుక్క నూనె వేసి రుద్దుతాడు. వేళ్ళు సర్రున జారితే మంచి నూనె, జిగటగా పట్టుకుంటే పనికిరాని నూనె. చిక్కటి నూనె మగ్గం సందుల్లోకి దిగదు. పైగా అది కారి బట్ట మీద పడితే ఎన్ని ఉతుకులు ఉతికినా మరక పోదు. మగ్గానికి ఇది నూటికి నూరుపాళ్ళూ నిజం. మోటారు సైకిలు మగ్గం కాదన్నదొక్కటే ఇక్కడి చిక్కు.

ఆయన బండి తొంభైల నాటిది. రేడియేటరూ నీళ్ళూ ఏమీ లేకుండా ఎదురుగాలికే చల్లబడే ఇంజను. ఆయనకు అది ప్రాణం. ఆయన భార్య మునిలక్ష్మి మాత్రం దాన్ని "నీ ఇనుము" అంటుంది. ఆమెను తప్పుపట్టడానికీ లేదు. సొంత తమ్ముడి పెళ్ళికి పట్టుచీర కట్టుకుని ఆ బండెక్కి, పుత్తూరు దగ్గర అది మొరాయిస్తే దిగిపోయి, మిగతా దూరం టమోటా వ్యానులో ప్రయాణం చేసిన మనిషి ఆమె. పెళ్ళి ఫోటోల్లో వధూవరుల కన్నా ముందు ఆమె చీర మీది ఆయిలు మరకే కనబడుతుంది.

ఆ తమ్ముడే సుకుమార్. నగరి బస్టాండు దగ్గర బండ్ల సామాన్ల అంగడి వాడిది. వాడే ఈ మధ్య ఒక బేరం పట్టుకొచ్చాడు. తిరుపతిలో కొత్తగా తెరిచిన హోటలాయనకు గోడకు తగిలించుకోవడానికి ఒక పాత బండి కావాలట. ఇంజను పీకేసి, పచ్చ రంగు కొట్టి, హెడ్‌లైటు డూములో పూలమొక్క పెడతారట. తిన్నవాళ్ళు దాని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటారట. ఈ మాట విన్నప్పటి నుంచి చెంగల్రాయుడికి అన్నం సయించలేదు.

"బతికుండే బండిని గోడకి తగిలిస్తారంటనా? వాళ్ళు మనుసులేనా?" అని మండిపడ్డాడు.

"బతికుండాదా? ఆ సంగతి నాకు తెలీదే," అంది మునిలక్ష్మి. "సరే, ఒక మాట సెప్తా ఇను. ఆదివారం పాత బండ్ల పందెం ఉండాది కదా. నీ ఇనుము గెలిస్తే, ఇంక దాని మాట నేనెత్తను. గెలవకపోతే ఆడి నుంచి అట్లే హోటలాయన వ్యాను ఎక్కాల. సరేనా?"

రోషం కొద్దీ చెంగల్రాయుడు సరేనన్నాడు. అని, శనివారం సుకుమార్ అంగడికి పోయి మంచి ఆయిలు చూపించమన్నాడు.

"బావా, నీది పాత ఇంజను. గాలికి సల్లబడేది. పల్చటి ఆయిలు పోస్తే ఆ కాకకి నీళ్ళయిపోతాది. ట్వంటీ ఫిఫ్టీ అనే ఈ ఆయిలు పొయ్యి, సిక్కంగా ఉంటాది," అన్నాడు సుకుమార్. "ఇంగొకటి. కారు ఆయిలు మాత్రం ముట్టుకోవద్దు. కారులో క్లచ్చి యాడనో పొడిగా ఉంటాది. మన బండి క్లచ్చి ఆయిల్లోనే నానతా ఉంటాది. జారుడు ఆయిలు పోస్తే ప్లేట్లు పట్టవు, బండి కదల్దు."

ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. కానీ చెంగల్రాయుడు చుక్క తీసి వేళ్ళ మధ్య రుద్దాడు. ఆముదంలా పట్టుకుంది. అప్పుడాయనకు ఒక సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ళుగా ఆ కప్పు గెలుస్తున్నది ఈ బామ్మర్దే. రేపటి పందెంలో వాడూ ఉన్నాడు. వ్యాను పిలిపించిందీ వాడే.

"ఓహో! నా బండికి ఆముదం తాపించి ఆడనే కూసోబెట్టాలని సూస్తివా!" అని మనసులోనే అనుకుని, తిన్నగా బస్సెక్కి తిరుత్తణి పోయాడు. అక్కడి అంగడిలో ఉన్న రకాలన్నీ వేళ్ళతో రుద్ది రుద్ది, ఒకదాని దగ్గర ఆగాడు. అది వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియనంతగా జారింది.

"సార్, అది కొత్త కార్లకి," అన్నాడు అంగడాయన.

"అంత పెద్ద కారుని లాగేది నా బండిని లాగదా? డబ్బా కట్టియ్యప్పా," అన్నాడు చెంగల్రాయుడు.

ఆదివారం పొద్దున ఆ నూనె పోసి కిక్కు కొడితే బండి మెత్తగా, తీయగా మోగింది. నిలబడిన బండి ఏ నూనెకైనా అట్లాగే మోగుతుంది. ఆ సంగతి ఆయనకు తోచలేదు. మునిలక్ష్మిని వెనక కూర్చోబెట్టుకుని బజారంతా ఛాతీ విరుచుకుని నడిపాడు. రైలు గేటు పైనున్న బ్రిడ్జి ఎక్కడం మొదలుపెట్టేదాకా ఆ ఛాతీ అట్లాగే ఉంది.

బ్రిడ్జి సగంలో ఆయన యాక్సిలేటరు తిప్పాడు. ఇంజను గర్జించింది. బండి మాత్రం నిదానించింది. ఇంకా తిప్పాడు. ఇంకా గట్టిగా గర్జించింది, ఇంకా నిదానించింది. మొదట ఆటో దాటిపోయింది. తర్వాత సైకిలు. ఆఖరికి నూలు మూట నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ముసలామె కూడా వచ్చి కలిసింది.

"ఏం నాయనా, ఎవురి కోసరమన్నా సూస్తా ఉండావా?" అని అడిగి, ముందుకు పోయింది.

"రవంత దిగమ్మే. బరువుకి లాగలేకుండా ఉండాది," అన్నాడు చెంగల్రాయుడు. పెళ్ళయిన మగవాడు అనకూడని మాటల్లో అది మొదటి వరసలోది.

"బరువా? నేనా?" మునిలక్ష్మి దిగింది. చెయ్యెత్తి ఆటో ఆపి, ఎక్కి, వెనక్కి తిరిగి చూడకుండా పందెం జరిగే చోటికి పోయింది.

బండి ఆగితే సలహా చెప్పకుండా పోయే అలవాటు మన ఊళ్ళలో లేదు. నిమిషంలో గుంపు చేరింది. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు, అంటే బ్రేకు పట్టేసిందని తేల్చారు. ఒకాయన బ్రేకు వదులు చేశాడు. ఇంకొకాయన యాక్సిలేటరు వైరు బిగించాడు. దాంతో తిప్పినా తిప్పకపోయినా ఇంజను ఒకటే రంకె.

"ఆయిలేం పోసినావన్నా?" అని ఎవరో అడిగారు.

"ఆయిలు మాట ఎత్తొద్దు. అది నాకు ఇడిసిపెట్టండి," అన్నాడు చెంగల్రాయుడు.

జనం తోసి బ్రిడ్జి ఎక్కించారు. ఆ రంకె సగం ఊరికి వినబడింది. బ్రిడ్జి కింద ఆదివారం నిద్రలో ఉన్న ఒక పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి, ఊళ్ళో రేసులు పెట్టి చంపుతున్నారని పోలీసు స్టేషనుకు ఫోను చేశాడు.

ఇంకా తెరవని బైపాసు రోడ్డులో పందెం. అక్కడికీ ఆ చప్పుడు ముందే చేరింది. పాత బండ్ల సంఘం అధ్యక్షుడు కుప్పుస్వామి మైకు చేతిలో పట్టుకుని చెవి రిక్కించాడు. ఇంకా రావలసింది ఒక్క చెంగల్రాయుడే.

"అయ్యయ్యో, చెంగల్రాయుడు ఏదో పెద్ద ఇంజను ఎక్కించినాడప్పా! ఈ పొద్దు కప్పు ఆయనదే!"

అది విని సుకుమార్‌కు చెమట పట్టింది. గబగబా స్క్రూడ్రైవరు తీసి, క్లచ్చి వదిలిన వెంటనే దూకేట్టుగా తన బండిని బిగించాడు. వాడు బిగించడం చూసి మిగతావాళ్ళూ బిగించారు. రోడ్డు పొడుగునా బండ్లన్నీ పట్టుకుంటే ఆగని కోపంలో ఉన్నాయి. సరిగ్గా అప్పుడు జీపు వచ్చి ఆగింది. ఎస్సై భానుప్రియ దిగింది.

"స్పీడు రేసా? ఎవురిచ్చినారు పర్మిషను? ఒక్క బండి స్పీడుగా కదిలినా అన్నిటినీ స్టేషనుకి ఎత్తుకుపోతా."

కుప్పుస్వామి చుట్టూ చూశాడు. షామియానా వేశారు, కప్పు కొన్నారు, బిరియానీ దమ్ములో ఉంది. "స్పీడు యాడిది మేడం? ఇది స్లో రేసు. అందరికన్నా కడాన వచ్చినోడే గెలిచినట్టు. కాలు కింద పెడితే అవుటు, బండి ఆగితే అవుటు," అని అప్పటికప్పుడు పుట్టించి, మైకులో ప్రకటించాడు.

"అట్లయితే నేనూ ఈడనే ఉండి సూస్తా," అని ఎస్సై కుర్చీ వేయించుకుంది.

ఈ ప్రకటన జరుగుతున్నప్పుడే చెంగల్రాయుడు వచ్చి వరసలో చేరాడు. ఆపితే మళ్ళీ అంటుకోదన్న భయంతో ఇంజను ఆపలేదు. తలకు హెల్మెట్టు. కుప్పుస్వామి పెదవులు కదలడం కనిపించింది. పెద్దమనిషి ఏదో మంచే చెబుతుంటాడని తల ఊపాడు.

సుకుమార్ ఆ బండిని ఎగాదిగా చూశాడు. విషయం అర్థమై, అక్క దగ్గరికి పోయి పగలబడి నవ్వాడు. "కారు ఆయిలే పోసినాడక్కా! క్లచ్చి జారిపోతా ఉండాది. హోటలాయనకి సెప్పి, బండితో పాటు బావని గూడా గోడకి తగిలించమందాం!"

పొద్దుటి నుంచి మునిలక్ష్మికి మొగుడి మీద ఉన్న కోపమంతా ఆ క్షణంలో తమ్ముడి మీదికి తిరిగింది. "రేయ్, నా మొగుణ్ణి నేనంటా. నువ్వెవుడివిరా అనేదానికి? పొయ్యి నీ బండి సూసుకో. కడాన వచ్చినోడే గెలుపంట, ఇన్లేదా?"

సుకుమార్ నవ్వు సగంలో ఆగిపోయింది. బావ బండి కదలదు. తన బండి ఆగదు. స్క్రూడ్రైవరు కోసం పరుగెత్తబోయేలోగా వరసలోకి రమ్మని ఎస్సై ఈల ఊదింది.

"అమ్మా, రాయుడికి మాట ఇనబడినట్టు లేదు. పోయి సెప్తా," అన్నాడు కుప్పుస్వామి.

"గమ్మునుండన్నా," మునిలక్ష్మి ఆయన చొక్కా పట్టి ఆపింది. "తెలిస్తే తెలివి సూపిస్తాడు. తెలివి సూపిచ్చినాడంటే కప్పు పాయె."

రెండో ఈల పడింది. చెంగల్రాయుడు ట్యాంకు మీదికి వంగి, యాక్సిలేటరు ఆ చివరిదాకా తిప్పి, తన జీవితంలోనే అతి వేగమైన పందెం మొదలుపెట్టాడు. రోడ్డు కాస్త ఎత్తుకు పోతుంది. ఇంజను ఆకాశం దద్దరిల్లేలా అరిచింది. చక్రం జానెడు జానెడు జరిగింది. పక్కకు చూస్తే మిగతా బండ్లూ నత్తనడకే. 'ఈ పొద్దు అందురికీ ఇదే గతా!' అనుకుని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు.

ఆ ధైర్యం ఎక్కువసేపు నిలవలేదు. బిగించిన బండ్లు ఒక్కొక్కటే ఎగిరిపడ్డాయి. కొందరు భయపడి కాళ్ళు కింద పెట్టేశారు, కొందరి ఇంజన్లు ఆగిపోయాయి. సుకుమార్ బండి తాడు తెంపుకున్న దూడలా దూకి, వాడు వద్దు వద్దంటుండగానే గీత దాటేసింది. అది చూసి చెంగల్రాయుడు ట్యాంకు మీదికి ఇంకా వంగాడు.

"పోవే నా తల్లీ! పోవే! గోడకి తగిలిస్తారంటనే నిన్ను! డూములో మొక్క నాటుతారే!" హెల్మెట్టు లోపల బావురుమన్నాడు. కళ్ళనీళ్ళతో దారి కనబడలేదు. అయినా కాలు దించలేదు, యాక్సిలేటరు వదల్లేదు. ఊరంతా కేకలు పెడుతోంది, మునిలక్ష్మి కొంగు నడుముకు దోపుకుని ఈలలు వేస్తోంది. ఆయనకు ఇంజను రంకె తప్ప ఏమీ వినబడలేదు. అందరూ అయిపోయాక, ఒక్కడే, ఎత్తంతా పాకి, గీత దాటాడు.

ఇంజను ఆపాడు. హెల్మెట్టు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరి ముఖమూ చూడకుండా నడిచిపోయి, వ్యాను పక్కనున్న హోటలాయన చేతిలో తాళంచెవి పెట్టాడు.

"తీసుకోప్పా. మాటంటే మాటే. ఆ మొక్కకి దినామూ నీళ్ళు మాత్రం పొయ్యొద్దు. తుప్పు పడతాది."

హోటలాయన తెల్లబోయాడు. "అన్నా, గెలిచింది మీరే కదా?"

"ఓడినోణ్ణి ఎగతాళి చెయ్యొద్దప్పా. పాపం తగలతాది."

అప్పటికే మునిలక్ష్మి వచ్చి హోటలాయన చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. "ఆయన మాట సరే, నా మాటేమి? గెలిస్తే ఉంటాదంటిని, గెలిచినాడు, ఉంటాది. నువ్వు బిరియానీ తినేసి పో నాయనా." తర్వాత మొగుడి వైపు తిరిగి, మెల్లగా చెప్పింది. "కడాన వచ్చినోడికే కప్పంటయ్యా. స్లో రేసు."

చెంగల్రాయుడు ఆమెను చూశాడు. గీత అవతల తలపట్టుకుని కూర్చున్న బామ్మర్దిని చూశాడు. కప్పు పట్టుకుని వస్తున్న కుప్పుస్వామిని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకు తెలీదా? తెలీకనే అంత నిదానంగా తోలినానా?"

మునిలక్ష్మి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనం ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. ఎస్సై తన చేత్తోనే కప్పు ఇచ్చి, ఇంత బాధ్యతగా బండి నడిపే మనిషిని తన సర్వీసులో చూడలేదని చెప్పింది. పైనుంచి చూస్తే సుకుమార్ కూడా చప్పట్లు కొట్టడం కనబడింది. చెంగల్రాయుడికి ఆ కప్పు కన్నా అదే ఎక్కువ తృప్తినిచ్చింది.

"రాయుడన్నా, రహస్యమేంది? సంఘానికి సెప్పాల," కుప్పుస్వామి మైకు అందించాడు.

"రహస్యం ఏమీ లేదు," అన్నాడు చెంగల్రాయుడు గంభీరంగా. "అంతా నూనెలో ఉండాది. తిరుత్తణిలో దొరకతాది. వేళ్ళకి జారాల, అంతే."

మరునాడు మునిలక్ష్మి తమ్ముడి అంగడి నుంచి చిక్కటి ఆయిలు డబ్బా తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ఆయన మగ్గాల షెడ్డు తలుపులు మూసుకుని, పల్చటిది దింపేసి, చిక్కటిది పోసుకున్నాడు. సాయంత్రం భార్యను వెనక కూర్చోబెట్టుకుని అదే బ్రిడ్జి ఒక్క ఊపున ఎక్కించాడు. ఈ సంగతి ఇద్దరూ బయట ఎవరికీ చెప్పలేదు.

ఆ వారం నగరిలో పాత బండ్లున్నవాళ్ళంతా ఎక్కడికి పోవాలన్నా నడిచే పోయారు.