అయిపోయిన ఒప్పందం

ఆ ఉదయం ఆయమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, పిల్లలు వచ్చేలోగా పక్కగుడ్డలు ఆరేయడం. ఆవిడ పనిచేసే పిల్లల సంరక్షణ కేంద్రం ఒక వింత కాపురం. గది, నీళ్ళు, కరెంటు మునిసిపాలిటీవి. ఉయ్యాలలు, పాలు, ఆయమ్మ జీతం ఒక సేవా సంస్థవి. పనికి పోయే తల్లులు బిడ్డల్ని ఇక్కడే వదిలి వెళతారు. ఇది మూతపడితే వాళ్ళ పనీ పోతుంది, ఆయమ్మ పనీ పోతుంది. ఒప్పందం గడువు దగ్గర పడినప్పటి నుంచి ఆవిడకు కంటిమీద కునుకు లేదు.

అందుకే మునిసిపాలిటీ గుమాస్తా స్కూటర్ మీద పోతూ కనబడగానే, గుడ్డలు వదిలేసి గేటు దగ్గరికి పరిగెత్తింది.

"బాబూ, మన ఒప్పందం సంగతి ఏమైంది?"

"అయిపోయిందమ్మా," అంటూ అతను ఆగకుండానే వెళ్ళిపోయాడు.

ఇక కేంద్రం మూతేననుకుంది ఆయమ్మ. వెంటనే సంస్థ మేనేజరమ్మకు ఫోన్ చేసింది. సంతకాలు పెట్టేది పైవాళ్ళు, కిందివాళ్ళకు కబురు నడిచి వస్తుంది. కాబట్టి మేనేజరమ్మకూ ఏమీ తెలియదు.

"అయిపోయిందన్నాడా? మాటవరసకైనా మాకు చెప్పలేదే. అయితే మన ఉయ్యాలలు వాళ్ళ గదిలో ఎందుకు ఆయమ్మా? ఆటో పంపుతున్నా, ఎక్కించెయ్."

ఆటో వచ్చింది. ఎదురుగా వీధి దీపం బాగుచేస్తున్న మునిసిపాలిటీ ఎలక్ట్రీషియన్ అది చూసి నిచ్చెన దిగాడు. సంగతి విని, "మీది మీరు పట్టుకుపోతే మాది మేం చూసుకోవద్దా?" అని లోపలికొచ్చి ఫ్యాను విప్పడం మొదలుపెట్టాడు. అతనూ, ఉయ్యాలలు విప్పుతున్న ఆటో డ్రైవరూ తలో పక్క నుంచి విప్పుకుంటూ వచ్చి గది మధ్యలో ఢీకొన్నారు.

"ఉయ్యాల మీదే, ఒప్పుకుంటా. పైన కొక్కెం మాది," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"మరి మధ్యలో తాడో?" అన్నాడు ఆటో డ్రైవర్.

అంత దిగుల్లోనూ ఆయమ్మ చెవులు రిక్కించింది. ఆ తాడు ఎవరిదో తెలుసుకోవాలని ఆవిడకు ఎప్పటినుంచో ఉంది. ఇద్దరికీ తెలియదు.

ఇంతలో తల్లులు వచ్చారు. బోసిగా ఉన్న గదిని చూశారు. "పదండి, ఒప్పందం చేసుకున్నవాళ్ళే ఆడిస్తారు," అని ఒకావిడ బిడ్డను భుజానేసుకుని ముందు నడిచింది. మిగతా తల్లులూ, ఆయమ్మా వెంట నడిచారు. కాసేపటికి మునిసిపాలిటీ ఆఫీసులో ప్రతి బల్ల మీదా ఒక బిడ్డ ఉంది. గుమాస్తా ఫైలు మీద పడుకోబెట్టినవాడు ఫైలును తడిపేశాడు కూడా.

"నిన్ననే సంతకాలైతే ఈ గోలేంటమ్మా?" అన్నాడు గుమాస్తా లబోదిబోమంటూ.

"నువ్వేగా బాబూ అయిపోయిందన్నావు?"

"అయిపోయిందంటే కుదిరిందని. పెళ్ళి అయిపోయిందంటే విడిపోయారనా అర్థం?"

"అది కాపురం చేసేవాళ్ళను బట్టి ఉంటుంది," అంది ఆయమ్మ. ఆ మాట అనేసరికి ఆవిడకు నవ్వు, ఏడుపు కలిసే వచ్చాయి. తన పని ఉంది, పిల్లలూ ఉంటారు. అంతకన్నా ఏం కావాలి?

అందరూ కేంద్రానికి తిరిగొచ్చారు. విప్పడానికి రెండు పక్షాలూ పరిగెత్తుకొచ్చాయి గానీ, ఉయ్యాలలు తిరిగి ఎవరు కట్టాలన్నది ఒప్పందంలో లేదట. ఆ పని తల్లులే కానిచ్చారు.