వాడకంలో లేని పేరు

హాస్యనటుడు చెరుకుమిల్లి నరసింగరావు పేరును, చాలాకాలంగా ఎవరూ వాడటం లేదన్న కారణంతో, ప్రభుత్వం వేరొకరికి కేటాయించింది. ఉత్తర్వు సోమవారం పొద్దున కాఫీ వేళకు వచ్చింది.

అందులో విశేషమేమీ లేదు. బీడుపడ్డ స్థలాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకున్నట్టే, పలికేవాళ్ళు లేని పేరునూ తీసుకుంటుంది. నరసింగరావు మొదట్లో ఆవులింతల అవధానిగా, తర్వాత చిల్లుగిన్నె చిదంబరంగా జనాన్ని నవ్వించాడు. ఆపైన, ఎవరు శుభవార్త చెప్పబోయినా ముందే తుమ్మేసే తుమ్ముల తాతబ్బాయి వేషం వేశాడు. దాంతో అసలు పేరు మరుగున పడింది. పోస్టర్ల మీద తాతబ్బాయి, పాలవాడికి తాతబ్బాయిగారు, పిల్లలకు నాన్న. పేరుపెట్టి పిలిచే తల్లి ఎప్పుడో పోయింది.

"మరిప్పుడు నేనెవర్నే?" అని భార్యనడిగాడు.

"ముందు కాఫీ తాగండి, చల్లారిపోతోంది" అంది ఆవిడ.

ఇద్దరూ పేర్ల కార్యాలయానికి వెళ్ళారు. ఆయన్ని చూడగానే వరుసలో ఉన్నవాళ్ళు మాటలు ఆపి, ఎప్పుడు తుమ్ముతాడా అని ఎదురుచూశారు. ఆయన తుమ్మలేదు. కొందరు నొచ్చుకున్నారు.

సూపరింటెండెంటు కామేశం మర్యాదస్తుడు. "మిమ్మల్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరున్నా తిరిగి ఇచ్చేస్తామండి. మీ ఆవిడ పిలిచినా చాలు" అన్నాడు.

ఆవిడ తలవంచుకుంది. "మొగుణ్ణి పేరుపెట్టి ఎలా పిలుస్తానండీ? ఏవండీ అంటాను."

"అది చెల్లదమ్మా. అందరు మొగుళ్ళకీ ఉమ్మడి."

పేరు దక్కించుకున్న బస్సు కండక్టరు కూడా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పుట్టిన బిడ్డలు దక్కడం లేదని తల్లి అతనికి పెంటయ్య అని పెట్టింది. బిడ్డ దక్కాడు గానీ, ఆ పేరు మోయలేక దరఖాస్తు పెట్టుకున్నాడు.

ఆవిడ చాలాసేపు కొంగు నలిపింది. చివరికి కళ్ళు మూసుకుని, "నరసింగరావుగారూ" అంది.

కండక్టరు చటుక్కున లేచి నిలబడ్డాడు. "ఏందమ్మా, నన్నే పిలిచిండ్రా?"

నటుడు కూడా, ఎవర్నో పిలుస్తున్నారనుకుని, కండక్టరు వైపే చూశాడు. కామేశం అది గమనించి కలం మూత తీశాడు.

సంగతి అర్థమయ్యాక కండక్టరు చేతులు కట్టుకున్నాడు. "మీ పేరు మీకే ఇచ్చేస్త సార్. గానీ మల్ల పెంటయ్య అయితే నా బిడ్డ బడికి పోనంటది."

నటుడికి తనది పోయిందని బాధపడాలో, అది ఇన్నాళ్ళకు ఒకరికి పనికొచ్చిందని సంతోషించాలో తేలలేదు. "ఉంచుకో నాయనా. వెంటనే పలికావు" అన్నాడు.

"సాక్షిగా మీరు సంతకం పెట్టాలమ్మా. మీ పేరు?" కామేశం ఆవిడనడిగాడు.

"తాతబ్బాయిగారి భార్యనండీ."

"అసలు పేరు?"

ఆవిడ గోడకేసి చూస్తూ కాసేపు ఆలోచించింది. "విశాలాక్షి అనుకుంటానండీ."

"అది మీ పెళ్ళయిన మరుసటి ఏడే వెళ్ళిపోయింది. ఆడవాళ్ళవి తొందరగానే పోతాయి లెండి. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు."

"మాకు ఉత్తర్వు రాలేదే?" అన్నాడు నటుడు.

"పంపాం. ఆ పేరు గలవాళ్ళెవరూ ఇంట్లో లేరని తిరిగొచ్చింది."

ఉత్తర్వును తిప్పి పంపింది తనేనేమో నటుడికి గుర్తురాలేదు. ఆవిడ మాత్రం, "అలాగాండీ" అని వేలిముద్ర వేసి, సంచీ అందుకుని లేచింది.

బయట ఎండ మండుతోంది. ఆవిడ ఆటో కోసం రోడ్డు దాటుతోంది. మలుపులోంచి లారీ వస్తోంది. ఆపుదామని ఆయన నోరు తెరిచాడు. ఏ పేరూ రాలేదు. అవధాని, చిదంబరం, తాతబ్బాయి, అన్నీ తనవే.

"ఇదుగో" అని అరిచాడు.

రోడ్డు మీదున్న ఆడవాళ్ళందరూ ఆగి, వెనక్కి తిరిగారు.