గిటార్‌లో నలుగురు

ఆ రోజు ఉదయం కళ్ళద్దాలాయన వేసుకున్న పథకంలో ప్రమాదానికి చోటే లేదు. తన కళ్ళద్దాల దుకాణం తెరిచే ముందు గిటార్‌ని మరమ్మతుకి ఇవ్వాలి, సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు తెచ్చుకోవాలి. అంతే. పెళ్ళి చేసుకుందామా వద్దా అని ఆలోచిస్తూనే ఆ వయసు దాటించేసిన మనిషికి ఇంతకంటే పెద్ద పథకాలు వేసే అలవాటు ఉండదు.

మరమ్మతు చేసే ఆయన గిటార్‌ని వెలుతురు వైపు తిప్పి చూసి పెదవి విరిచాడు. తీగలు పట్టి ఉంచే చెక్క పైకి లేచిపోయింది.

"ఊడదీసి, మళ్ళీ అతికించి, బిగించి ఆరనివ్వాలి సార్. తొందరపడితే మళ్ళీ లేస్తుంది. కొన్ని వారాలు నా దగ్గరే ఉండాలి." కళ్ళద్దాలాయన మొహం చూసి జాలేసినట్టుంది, గోడకున్న ఇంకో గిటార్‌ని దించాడు. "అందాకా ఇది వాయించుకోండి. అదే కంపెనీది. కొత్త మోడలు."

"కొత్త మోడలా! వద్దు వద్దు. ఎవరైనా చూస్తే..."

"మీ గిటార్ పెట్టెలోనే పెట్టిస్తా. ఎవరికి తెలుస్తుంది?"

ఆ కంగారుకి కారణం ఉంది. ప్రతి శనివారం సాయంత్రం డ్రైవింగ్ స్కూల్లో పాఠాలయ్యాక, రోడ్డు గుర్తుల పటాల కింద నలుగురు గిటార్లు పట్టుకుని కూర్చుంటారు. స్కూలు నడిపే డ్రైవింగ్ మాస్టారు, పళ్ళ డాక్టరు, ఇన్సూరెన్సాయన, కళ్ళద్దాలాయన. నలుగురివీ ఒకే కంపెనీ పాత గిటార్లు. ఒకప్పుడు ఆ కంపెనీ గిటార్‌లో ప్రాణం ఉండేదనీ, ఇప్పుడు పూసేది వార్నిష్ మాత్రమేననీ వాళ్ళ సిద్ధాంతం. కంపెనీ కొత్త మోడలు విడుదల చేసినప్పుడల్లా దాని వీడియోలన్నీ మొదటి నుంచి చివరి దాకా చూసి మరీ అసహ్యించుకుంటారు. వాయించే సమయం కంటే తిట్టే సమయమే ఎక్కువ. కళ్ళద్దాలాయన కూడా తక్కువ తినలేదు. పగలంతా కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి "ముందుది బాగుందా, ఇది బాగుందా?" అని ఓపిగ్గా అడిగే ఆయన, శనివారం సాయంత్రం మాత్రం అడక్కుండానే ముందుదే బాగుందని తేల్చేసేవాడు.

ఇంతకు ముందు అయిదోవాడు ఒకడుండేవాడు, ఫొటోగ్రాఫరు. అతను కొత్త మోడలు కొనుక్కుని వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. మర్యాదగా వాతావరణం గురించి మాట్లాడారు. అలా కొన్ని శనివారాలు వాతావరణం విన్నాక అతను రావడం మానేశాడు. కళ్ళద్దాలాయనకి వారంలో తనని "ఏమయ్యా, వచ్చావా" అని పలకరించే చోటు అదొక్కటే. అదీ పోతే ఆయనకి మిగిలేది వాతావరణమే.

అయినా పెట్టె ఇంటికి తెచ్చుకున్నాడు. ఎంత చెత్తగా ఉందో తెలుసుకుంటే తిట్టడానికి పనికొస్తుందని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. గిటార్ పక్కన చిన్న మీట ఉంది. లోపల ఏదో పరికరం ఉందట. మీట తిప్పితే స్పీకరూ వైరూ లేకుండానే పెద్ద హాల్లో వాయించినట్టు శబ్దం తిరిగొస్తుందట. ఇంకా తిప్పితే ఒక్క చెయ్యి వాయించింది నాలుగు చేతులు వాయించినట్టు వినిపిస్తుందట. కళ్ళద్దాలాయన మంచం అంచున కూర్చుని, తలుపు గడియ వేసుందో లేదో చూసుకుని, మీట చివరి దాకా తిప్పి ఒక్కసారి తీగలు మీటాడు.

గది నిండిపోయింది. ఆయన ఆపేశాక కూడా ఎవరో ఇంకా వాయిస్తున్నట్టే ఉంది. ఆ ఇంట్లో ఆయన చేసిన చప్పుడికి తిరిగి జవాబు రావడం అదే మొదటిసారి. ఆయనకి ఏడుపొచ్చింది. తరవాత కోపమొచ్చింది, ఏడిపించింది కొత్త మోడలు కదా అని.

ఆ తరవాత రోజూ అదే పని. దుకాణం కట్టేసి గబగబా ఇంటికొచ్చేవాడు, లోపల ఎవరో ఎదురుచూస్తున్నట్టు. ఒక మంచి అలవాటు కావాలంటే ఏళ్ళు పడుతుంది, దొంగ అలవాటుకి వారం చాలు.

కింది ఇంట్లో టైలరమ్మ ఉంటుంది. ఒంటిమనిషి. పగలల్లా కుట్టుమిషను టకటకమంటూనే ఉంటుంది. పైన గిటార్ మొదలవగానే కింద మిషను ఆగిపోవడం కళ్ళద్దాలాయన గమనించాడు. చప్పుడుకి చిరాకు పడుతోందని భయపడి, ఆవిడ ఎదురుపడకుండా మెట్లు గబగబా దిగిపోయేవాడు. ఒకరోజు దొరికిపోయాడు.

"రోజూ మీ ఇంటికెవరో వస్తున్నారు కదండీ?" అంది ఆవిడ.

ఎవరూ రారు అంటే కొత్త మోడలు సంగతి చెప్పాలి. ఆవిడ దగ్గరికి పళ్ళ డాక్టరు బట్టలు కుట్టించుకోవడానికి వస్తాడు. "ఆ... స్నేహితులండీ," అన్నాడు.

"ఎంతమందేంటి?"

"నలుగురు."

"అదృష్టవంతులు," అని ఆవిడ తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందనుకుని ఆయన మర్నాటి నుంచి కిటికీలు మూసి వాయించాడు.

అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు. ఇది అతకడమే కాదు, చిగుళ్ళు కూడా వేసింది. ఆ ఆదివారం అక్క ఫోన్ చేసేసరికి ఆయన వాయిస్తూ ఉన్నాడు. ఫోనెత్తాక కూడా గిటార్‌లో మోత ఇంకా అణగలేదు.

"ఒరేయ్, ఎవర్రా అంతమంది?"

టైలరమ్మకి ఒకటి, అక్కకి ఒకటి చెప్పి గుర్తుపెట్టుకునే ఓపిక లేక, "స్నేహితులక్కా, నలుగురు. రోజూ వస్తారు," అన్నాడు.

అవతల అక్క ముక్కు చీదుకుంది. "ఇన్నాళ్ళకి నాయనా! నలుగురితో కలవరా, కలవరా అని ఎంత మొత్తుకున్నాను! శనివారం వస్తున్నా. వాళ్ళందరికీ నేనే వండి తెస్తా. ఒక్కణ్ణి కూడా తగ్గనివ్వకు."

ఇక పళ్ళ డాక్టరు. ఆయన గిటార్‌కి గుడ్డ తొడుగు కుట్టించుకుందామని టైలరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కొలత తీస్తూ, "పైన కళ్ళద్దాలాయన ఇంటికి రోజూ వచ్చే నలుగురిలో మీరూ ఒకరాండీ? భలే వాయిస్తారు," అంది. పళ్ళ డాక్టరు కొలత పూర్తయ్యే దాకా కూడా ఆగలేదు. సాయంత్రానికి డ్రైవింగ్ మాస్టారికి తెలిసింది.

"చూశావా!" అని మాస్టారు భగ్గుమన్నాడు. "మన దగ్గరేమో గిటార్ మరమ్మతులో ఉందని చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంటాడు. ఇంటి దగ్గర వేరే జట్టు! సిగ్నల్ ఇవ్వకుండా టర్నింగ్ తీసుకున్నాడయ్యా!"

"నలుగురట మాస్టారూ. ఆయనతో కలిపితే అయిదుగురు. మనకంటే ఎక్కువ," అన్నాడు పళ్ళ డాక్టరు.

"శనివారం వాళ్ళింటికే వెళ్దాం. ఆ నలుగురూ మనకంటే ఎందులో గొప్పో చూద్దాం," అన్నాడు ఇన్సూరెన్సాయన.

శనివారం అక్క రెండు క్యారేజీలతో దిగింది. బల్ల తుడిచింది, కంచాలు పరిచింది. ఆ ఇంట్లో ఉన్నవి రెండే కంచాలని తెలిసి మిగతావి తన సంచిలోంచే తీసింది. కళ్ళద్దాలాయన కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ తిరిగి, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, వాళ్ళు రాలేరు. ఒంట్లో బాలేదట."

"నలుగురికీనా?"

"నలుగురికీ."

గంట మోగింది. అక్క తలుపు తీసింది. గుమ్మంలో ముగ్గురు మగవాళ్ళు, మూడు గిటార్లు, మూడు కోపాలు.

"ముగ్గురికి తగ్గినట్టుందిరా!" అని అక్క ఆనందంగా పక్కకి జరిగింది. "రండి బాబూ, రండి. మీకు దణ్ణం పెట్టాలి. రోజూ వచ్చి వీణ్ణి కనిపెట్టుకుని ఉంటున్నారని తెలిశాకే నాకు కంటి మీద కునుకు పడుతోంది. అంతకు ముందు వీడు ఫోనెత్తకపోతే, లోపల ఎక్కడ పడిపోయాడో, ఎవరు చూస్తారో అని గుండె దడదడలాడేది."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏళ్ళ తరబడి స్నేహం, ఈ ఇంటి గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. పైన ఏ తలుపో తెలియక కింద టైలరమ్మని అడిగి వచ్చారు. ఆవిడే దారి చూపించడానికి వాళ్ళ వెనకే వచ్చి మెట్ల మీద నిలబడి ఉంది.

"అదెంతపనండీ, మా బాధ్యత," అన్నాడు పళ్ళ డాక్టరు. తగాదాకి వచ్చిన మనిషి నోట అంతకంటే ఏమీ రాలేదు.

మాస్టారు మాత్రం దారి తప్పే రకం కాదు. "ఆ నలుగురేరయ్యా? ఎక్కడ దాచావ్?" అని గదిలోకి తొంగి చూశాడు, తలుపు వెనక చూశాడు. వంగి మంచం కింద చూసి పెట్టెని బయటికి లాగాడు. "మరమ్మతులో ఉందన్నావ్?" అని మూత తీశాడు.

లోపల కొత్త మోడలు, మీటతో సహా, మిలమిలలాడుతూ పడుకుని ఉంది.

కళ్ళద్దాలాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇక చెప్పకుండా తప్పదు. "ఎవరూ రారు మాస్టారూ," అన్నాడు. "ఎప్పుడూ రాలేదు. ఆ నలుగురూ ఇదే." గిటార్ అందుకుని మీట చివరి దాకా తిప్పి వాయించాడు. గది నిండింది. మోత పూర్తిగా అణిగింది. అక్క బల్ల దగ్గరికి వెళ్ళి, పరిచిన కంచాలు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టింది. మెట్ల మీద టైలరమ్మ వెనక్కి తిరిగి దిగిపోవడం ఆయన చూశాడు. అబద్ధాలకోరునని తెలిసిపోయింది, ఇక ఆవిడ మొహం కూడా చూడదు అనుకున్నాడు.

"ఇటివ్వు," అన్నాడు మాస్టారు.

విరగ్గొడతాడేమో అనుకున్నారంతా. మాస్టారు మంచం మీద కూర్చుని వాయించాడు. "ఛీ. ప్రాణం లేదు," అన్నాడు. ఇంకాస్త వాయించాడు. "ఇదో మోసం." కళ్ళు మూసుకున్నాడు. పళ్ళ డాక్టరు రెండుసార్లు దగ్గాక గాని దాన్ని వదల్లేదు. పళ్ళ డాక్టరు వాయించి "చెక్క మరీ పల్చన" అన్నాడు, అని మీట ఇంకొంచెం తిప్పాడు. ఇన్సూరెన్సాయన తన వంతు వచ్చాక తిట్టడం కూడా మర్చిపోయాడు. ఈలోగా అక్క, వచ్చినవాళ్ళని పస్తు పంపడం ఇష్టంలేక, తీసిన కంచాలు మళ్ళీ పరిచింది. తిన్నారు. తింటూ ఒక తీర్మానం చేశారు. పూర్తిగా వినకుండా తిట్టడం ధర్మం కాదు కాబట్టి, ఈ అరువు కొత్త మోడల్ని తిరిగిచ్చేలోగా ఒక్కొక్కరూ కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని, కూలంకషంగా వాయించి, ఆ తరవాత తిట్టాలి. మొదటి వంతు మాస్టారిది.

"శనివారం రావాలయ్యా, మానకు," అని మాస్టారు వెళుతూ భుజం తట్టాడు. ఆయన్ని ఎవరూ వెలివేయలేదు. వాతావరణం మాటే రాలేదు. గిటార్ మాత్రం వాళ్ళతో వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ ఇంటికొస్తామని కూడా ఎవరూ అనలేదు.

అక్క గిన్నెలు సర్దుకుంటూ కళ్ళొత్తుకుంది. "నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే ఏడుస్తావని."

"ఇప్పుడు చేస్తోందేమిటి మరి?" అని కాసేపు తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుని, బస్సు టైమవుతోందని లేచింది.

మర్నాటి సాయంత్రం ఇల్లు ఇల్లులా లేదు. పాత గిటార్ మరమ్మతులో, కొత్తది మాస్టారింట్లో. కళ్ళద్దాలాయన మంచం అంచున కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు మోకాళ్ళ మీదా పెట్టుకున్నాడు. కింద మిషను చప్పుడు కూడా లేదు. ఒంటరితనం ఆయనకి కొత్తేమీ కాదు గాని, మధ్యలో కొన్నాళ్ళు మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టడం చాలా కష్టంగా ఉంది.

తలుపు ఎవరో తట్టారు. టైలరమ్మ.

"ఇవాళ వాయించలేదేంటండీ?"

"గిటార్ లేదండీ." ఆయన తల వంచుకున్నాడు. "మనుషులూ లేరు. నిన్న విన్నారుగా. మీతో అబద్ధం చెప్పాను. మీ పనికి అడ్డమొస్తున్నానని కూడా తెలుసు, మిషను ఆపేసేవారు."

"వినడానికి ఆపేదాన్ని," అంది ఆవిడ. కొంగు చివర వేలికి చుట్టుకుంది. "సాయంత్రమైతే ఆ గదిలో నేనూ మిషనూ తప్ప ఎవరుంటారు చెప్పండి. వెళ్ళి కాసేపు కూర్చుందామని ఈ మెట్లు చాలాసార్లు ఎక్కాను. ఈ తలుపు దాకా వచ్చేదాన్ని. లోపల అంత సందడిగా ఉండేది. అంతమందిలో నేనెందుకులే అని దిగిపోయేదాన్ని."

కళ్ళద్దాలాయనకి అప్పుడు అర్థమైంది. తోడున్నట్టు వినిపించడానికి తను తిప్పిన మీటే, నిజంగా తోడుగా రాబోయిన మనిషిని రోజూ గుమ్మంలోంచి వెనక్కి పంపింది.

"రండి, లోపలికి రండి," అన్నాడు గబగబా లేచి. "ఎవరూ లేరు."

ఆ మాట అంత సంతోషంగా అన్నవాళ్ళు లోకంలో ఉండరు. ఆవిడ లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆయన మంచం అంచున కూర్చున్నాడు. ఇన్నాళ్ళుగా దాచుకున్న మాటల్లో ఏది ముందు చెప్పాలో తేల్చుకోలేక ఇద్దరూ తలెత్తి పైకి చూశారు.

తరవాత వాళ్ళిద్దరూ చాలాసేపు ఫ్యాను గురించి మాట్లాడుకున్నారు.