మా పిల్ల కాళ్ల మీద మీ అందరి దయ

నాకున్న భయాలన్నిట్లోకీ పెద్దది ఒకటే. మా రసజ్ఞ నడవదేమోనని. ఏడాదిన్నర దాటింది, ఇంకా సోఫా పట్టుకునే నిలబడుతుంది. చెయ్యి వదిలితే కూలబడుతుంది.

అయినా నేను నిశ్చింతగా ఉన్నాను. ఎందుకంటారా? తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కు వాట్సాప్ గ్రూపు ఉంది కాబట్టి! డాక్టర్లు, దవాఖానలు గ్రూపు లేని అభాగ్యుల కోసం. ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్ని, నా మాట నమ్మరని తెలుసు. రుజువు చూపిస్తాను.

పాప ఆడుకుంటుందని మా ఆయన రోడ్డు పక్కన గులాబీ రంగు పూసిన కోడిపిల్లను కొనుక్కొచ్చాడు. మా ఇంట్లో నేల అద్దంలా ఉంటుంది. ఆ నునుపు మీద దాని కాళ్లు చెరోవైపు జారి, పొట్ట నేలకానింది. ఇక లేవలేదు. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను.

అప్పుడు చూడాలి ఆ కరుణ! బ్యాండ్-ఎయిడ్ సన్నగా చీల్చి, మధ్యలో కాస్త ఎడం ఉంచి రెండు కాళ్లనూ కట్టమన్నారొకరు. గరుకు గుడ్డ పరవమన్నారింకొకరు. విటమిన్ చుక్కలు గుమ్మంలోకే వచ్చాయి. ఆఫీసు మీటింగులో కెమెరా ఆపుకొని మరీ నేను పెట్టిన కోడిపిల్ల వీడియో చూశామన్నారు కొందరు. అసోసియేషన్ సెక్రటరీ చెన్నకేశవులు గారు, లిఫ్టు ఆగిపోతే పలకని మనిషి, "ఈ పూట లేచిందామ్మా?" అని స్వయంగా అడిగారు. వారం తిరిగేసరికి కోడిపిల్ల లేచి ఇల్లంతా తిరిగింది. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు.

ఇంత వైద్యం చేతిలో ఉంటే పాప సంగతి దాచుకోవడం తప్పు కాదూ? మా అత్త సరోజమ్మను అడిగితే "మీ ఆయన గూడా ఆలస్యంగానే నడిచినాడు, గమ్మునుండు" అంటుంది. అందుకని గ్రూపునే ఆశ్రయించాను. మా కడప వైపు కూతుర్ని పిల్ల అనే అంటాం. అలవాటుగా అలాగే రాశాను: "మా పిల్ల ఇంకా సరిగా నిలబడటం లేదు. భయంగా ఉంది."

క్షణంలో జవాబులు. "మళ్లీ జారిందా?" "కట్టు తొందరపడి తీసేసుంటారు." "అట్టపెట్టెలో పెట్టి పైన బల్బు వెలిగించండి." "పోతే పోనీండి, ఇంకోటి కొనుక్కోవచ్చు." "ఆదివారం దాకా ఆగితే కూరకొస్తుంది."

"కోడిపిల్ల కాదండీ, మా పాప రసజ్ఞ" అని రాశాను.

నీలం టిక్కులు పడ్డాయి. అందరూ చదివారు. ఎంత సంస్కారమో చూడండి, ఒక్కరూ మా ఇంటి విషయంలో తలదూర్చలేదు. చెన్నకేశవులు గారు మాత్రం బాధ్యత మరవలేదు: "పర్సనల్ మ్యాటర్స్ గ్రూపులో వద్దమ్మా."

కోడి కాళ్లు పబ్లిక్, పాప కాళ్లు పర్సనల్. చదువు తక్కువ కదా, నాకీ తేడా తట్టలేదు.

మర్నాడు పాపను చంకనేసుకొని లిఫ్టెక్కితే పై అంతస్తు మమత కలిసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి మనిషి.

"అక్కా, పిల్ల ఎట్లున్నది?"

నా ప్రాణం లేచొచ్చింది. "ఇంకా పట్టుకునే నిలబడుతోంది మమతా. డాక్టర్‌కు చూపిద్దామని..."

"ఏ, కోళ్లకు గూడ డాక్టరున్నడా? జర వీడియో పెట్టక్కా, మా టీమంత పరేషాన్ అయితున్నరు."

చంకలోంచి రసజ్ఞ చెయ్యి చాపి ఆమె మెడలోని ఆఫీసు కార్డు పట్టుకుంది. మమత నవ్వుతూ విడిపించుకొని దిగిపోయింది.

రేపు పొద్దున పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఆయన ఏమంటాడో చూడాలి. మా టవర్‌లో ఇది చదివినవాళ్లు ఎవరైనా ఉంటే, సాయంత్రం ఒకసారి మా తలుపు కొట్టండి. కోడి బాగుంది. రసజ్ఞ ఎలా ఉందో అడిగి వెళ్లండి.