శనివారం దాకా జ్వరం లేదు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: పెదనాన్న, పెద్దమ్మ, మూటలు విప్పే అమ్మ, ఉతికే అక్కలిద్దరు, ఇస్త్రీ తాత, నేను, ఆసుపత్రి నుంచి వచ్చిన పదకొండు మాసిన దుప్పట్ల మూటలు. మధ్యాహ్నానికి తనిఖీ అధికారి కూడా చేరారు. మా ఇల్లే లాండ్రీ. ముందుగదిలో ఇస్త్రీ, వెనక వసారాలో ఉతుకుడు.

పనివాళ్లకు రోగాలు అంటకుండా చూడటంలో మా లాండ్రీని మించింది లేదు. గ్లౌజులు ఆరు జతలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటాయి. తొడుక్కుంటే మాసిపోవూ? "చేతులు కడుక్కోండి" అనే బోర్డు కుళాయి పైనే ఉంది. నీళ్లు చింది రంగు పోతోందని కుళాయి కట్టేశారు.

అన్నిటికన్నా గొప్పది జ్వరాల రిజిస్టరు. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరికీ థర్మామీటరు పెట్టి అంకె రాయాలి. నలుగురిలో నాకు నోరు పెగలదు గానీ నా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అందుకే ఆ బాధ్యత నాది. రోజూ రాస్తే పని చెడుతుందని పెదనాన్న ఆదివారమే కూర్చోబెట్టి వారానికి సరిపడా రాయిస్తారు. అందరికీ తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.

అధికారి పేజీ తిప్పారు. "ఇవాళ బుధవారమేగా? శనివారం దాకా ఎలా రాశారండీ?"

పెదనాన్న లేచి గొంతు సవరించుకున్నారు. "ముందుచూపండీ! రోగం వచ్చాక రాసేది ఆసుపత్రి. రాకముందే రాసేది మా లాండ్రీ. శనివారం దాకా మా వాళ్లకు జ్వరం రాదని నాది పూచీ!"

అధికారి మెచ్చుకున్నారు. మిగతా లాండ్రీలు నిన్నటివి కూడా రాయడం లేదట.

అప్పుడే అమ్మ మూటల మధ్య కూలబడింది. మూడు రోజులుగా దగ్గుతోంది.

"ఆయన వెళ్లేదాకా ఆ దగ్గు ఆపుకోవే చెల్లీ," అంది పెద్దమ్మ.

"నేను ఆపుతూనే ఉన్నానక్కా. అదే వినట్లేదు."

థర్మామీటరు పెట్టెకున్న సీలు విప్పి అమ్మకు పెట్టాను. నూట మూడు. చెబుదామంటే నోరు పెగల్లేదు. రిజిస్టరు తీసి, అమ్మ పేరు ఎదుట పాత అంకె కొట్టేసి, ముత్యాల్లాగే రాశాను: నూట మూడు.

అది చూసి అధికారి ఒక అడుగు వెనక్కి వేశారు. రెండో అడుగు వీధిలో వేశారు. "తక్షణం చర్య తీసుకోండి!" అన్న మాట మాత్రం లోపలికి వచ్చింది.

పెదనాన్న తీసుకున్నారు.

"నాలుగేళ్లుగా ఈ రిజిస్టరులో ఒక్క జ్వరం లేదే! ఇవాళ నువ్వు తెచ్చిపెట్టావు. ఆ కలం ఇటిచ్చి నడువు బయటికి!"

"కాసేపు పడుకుంటాను బావగారూ," అంది అమ్మ.

"అంకె సరిచేస్తున్నానుగా, తగ్గిపోతుంది. ఇంకా ఏడు మూటలున్నాయి."

ఆసుపత్రిలో కప్పుకునేవాళ్లు దిగులు పడనక్కర్లేదు. దుప్పట్లు ఎప్పటిలాగే తెల్లగా వస్తాయి. వాటిని ఎవరు విప్పారని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అమ్మ ఐదో మూట ముడి విప్పుతూ నావైపు చూసింది. గుమ్మం బయట నిలబడి నేనూ చూశాను. పెదనాన్న తలుపు వేసేశారు.