ఆది జాకెట్ల పూలు

1984లో ఆ శుక్రవారం పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పటికి రామమోహన్ చేతిలో ఉన్న సరుకు ఇది: ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద అద్దెకు తీసుకున్న చీరల కొట్టు, ఒకవైపు తలుపు మాత్రమే తెరుచుకునే వ్యాను, తనకంటే తెలివైన భార్య నళిని, వెనక సీట్లో రెండు కాగితపు సంచులు. మొదటి మూడింటికీ ఢోకా లేదు.

రెండూ సూపర్‌మార్కెట్‌లో కూరలకిచ్చిన సంచులే. ఊరికే వచ్చినది ఇంట్లో ఉండగా ఇంకొకటి కొనటం రామమోహన్ దృష్టిలో నేరం. ఒక సంచిలో చీరల అంచుల పీలికలు, పాత శుభలేఖలు, జరీ ముక్కలు. అవి పక్కింటి డొరొతీకి. ఆవిడ లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. ఇప్పుడు రోజువారీ సంగతులు రాసుకునే జర్నల్ పుస్తకాలు చేత్తో కుట్టి అమ్ముతుంది. వాటి అట్టల మీద అతికించటానికి ఆవిడా నళినీ కలిసి చిట్టిచిట్టి పూలు చేస్తారు. టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం బిళ్ళ, దాని మీద శుభలేఖలోంచి కత్తిరించిన బంగారు అంచు, ఆపైన కుచ్చుపోసిన గుడ్డ రేకులు, నడుమ ఒక గుండీ. కొట్టులో ఊడ్చిపారేసేది పువ్వై కూర్చుంటే రామమోహన్‌కు భార్య చేతుల మీద గౌరవం పెరిగేది. అయితే ఆ మాట పైకి అనేవాడు కాదు.

రెండో సంచిలో ఆది జాకెట్లు. మన జాకెట్టు కుట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల దొరకని రోజులవి. చీర కొన్నవాళ్ళు కొత్త గుడ్డతోపాటు, కొలత కోసం తమ పాత జాకెట్టు ఒకటి ఇచ్చేవారు. ఇండియా వెళ్ళే ఎవరి పెట్టెలోనో అవి విజయవాడ చేరి, కుట్టిన కొత్తవాటితో తిరిగొచ్చేవి. చీరలు ఎక్కడైనా దొరుకుతాయి. జాకెట్టు కుట్టించి తెచ్చే పూచీ మాత్రం రామమోహన్ కొట్టులోనే దొరికేది. కొట్టు నిలబడింది దాని మీదే.

డొరొతీ గుమ్మంలో ఒక సంచి, ఆదివారం ఇండియా వెళ్తున్న శ్యామ్‌సుందర్ అపార్ట్‌మెంట్‌లో ఒక సంచి దించి, రామమోహన్ వేళకి కొట్టు తెరిచాడు.

శనివారం పొద్దున కొట్టుకి ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను శ్యామ్‌ని. సూట్‌కేస్ ప్యాక్ చేస్తున్నా. కొత్త గుడ్డలు మొన్ననే ఇచ్చావ్, ఓకే. ఈ పీలికలు ఎందుకన్నా? పైగా ఎవరివో వెడ్డింగ్ కార్డులు! కస్టమ్స్‌వాడు అడిగితే ఏం చెప్పను?"

రామమోహన్ ఫోన్ పెట్టేసి నళిని వైపు చూశాడు. ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఏమండీ, డొరొతీకి ఏ సంచి ఇచ్చారు?"

"రెండూ ఒకేలా ఉన్నాయే..."

"ఒకేలాంటి సంచులు దాచిందెవరు? అందులో విమలక్కయ్య జాకెట్టుందండీ!"

విమలకుమారి తెలుగు చర్చి పాస్టరుగారి భార్య. నెలన్నరలో ఆవిడ కూతురి పెళ్ళి. ఆవిడ ఒక్క మాటంటే న్యూజెర్సీలో సగంమంది తెలుగు ఆడవాళ్ళు ఆ కొట్టు గుమ్మం తొక్కరు.

కొట్టు మూసి వ్యాను తీశారు. డొరొతీ ఇంటికి తాళం. చర్చి హాల్లో క్రాఫ్ట్ ఫెయిర్, అదే చేతిపనుల సంత, ఉందని గుర్తొచ్చి నళిని వ్యానుని అక్కడికి పరిగెత్తించింది.

హాల్లో డొరొతీ టేబుల్ మెరిసిపోతోంది. జాకెట్ల చేతులు రేకులయ్యాయి. వీపులు ఆకులయ్యాయి. ప్రతి పువ్వు నడుమా గుండీకి బదులు ఒక హుక్కు. వాడివాడి మెత్తబడిన ఇలాంటి గుడ్డ తన జన్మలో చూడలేదనీ, హుక్కులు కుట్టి మరీ పంపినందుకు థాంక్స్ అనీ చెప్పి డొరొతీ నళినిని వాటేసుకుంది.

"నిజం చెప్పేద్దామండీ," అంది నళిని తెలుగులో.

"ఆగు. నిజం ఎక్కడికీ పోదు. ముందు సరుకు చేతికి రానీ."

టేబుల్ మీదున్నవన్నీ తనే కొంటానన్నాడు రామమోహన్. డొరొతీ ఒప్పుకోలేదు. ఇలాంటివి నలుగురి ఇళ్ళకూ చేరాలంది. బేరం తెగకపోయేసరికి రామమోహన్ నోరు తనకు అలవాటైన పని చేసింది: ఇవి మామూలు గుడ్డలు కావనీ, పెద్ద పెద్ద కుటుంబాల్లో ఇల్లాళ్ళు ఏళ్ళ తరబడి దాచుకున్నవనీ, బయటివాళ్ళ చేతికి పోకూడదనీ చెప్పాడు. డొరొతీ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడ వెంటనే ఆ మాటలన్నీ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి టేబుల్ మీద నిలబెట్టింది.

హాల్లో జనమంతా అక్కడే చేరారు. ఒక ముసలాయన జర్నల్ కొనేశాడు. ఇద్దరు అమెరికన్ ఆడవాళ్ళు ఒకే పువ్వుకి పోటీపడ్డారు. రామమోహన్‌కు జీవితంలో మొదటిసారి తను పొగిడిన సరుకు అమ్ముడుపోతుంటే చెమట్లు పట్టాయి.

సరిగ్గా అప్పుడే, అదే భవనంలో మేడమీద జరుగుతున్న తెలుగు చర్చి పాటల ప్రాక్టీసు ముగిసింది. మెట్లు దిగి వచ్చిన విమలకుమారి, గుంపు చూసి లోపలికొచ్చింది. ఆకుపచ్చ పువ్వున్న జర్నల్ తీసి, రేకు తిప్పి చూసి, కళ్ళజోడు సర్దుకుంది.

"రామమోహన్ గారూ! ఇది నా జాకెట్టు చెయ్యి."

"అబ్బే, అలాంటి రంగు చాలామందికి..."

"ఈ పసుపుదారం కుట్టు నేను వేసుకున్నదండీ. నా కుట్టు నాకు తెలీదా?"

నళిని ముందుకొచ్చింది.

"తప్పు మాదే అక్కయ్యా. సంచులు మారిపోయాయి. మీదొక్కటే కాదు, అందరివీ."

విమలకుమారి చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది.

"పూర్తిగా కత్తిరించేసిందా? మళ్ళీ అతికించటానికి కుదరదు కదా?"

"కుదరదు అక్కయ్యా."

"ప్రభువుకి స్తోత్రం!"

మొగుడూపెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది నేను ఈ దేశంలో దిగిన ఏడాదిదమ్మా. అప్పటి ఒళ్ళెక్కడ, ఇప్పటి ఒళ్ళెక్కడ! అదే ఆది పంపిస్తున్నా, అదే కొలత వస్తోంది. పాటకి చెయ్యెత్తాలంటే భయం. మరి ఇంత పెంచి కుట్టమని నోరు తెరిచి ఎలా చెప్పను? మా చర్చిలో సరళా అంతే, మార్తా అంతే. ఎవరికి వాళ్ళం టైలర్‌ని తిడుతున్నాం. నువ్వు టేపు తేగలవా?"

సండేస్కూలు గదిలో తలుపేసుకుని నళిని ఆవిడ కొలతలు తీసుకుంది. విషయం ఫోన్ల మీద పాకి, సాయంత్రానికి మిగతావాళ్ళూ వచ్చారు. శ్యామ్‌సుందర్ పెట్టెలో ఈసారి పాత జాకెట్లకు బదులు కొలతల చీటీలు వెళ్ళాయి. ఆకుపచ్చ పువ్వున్న జర్నల్‌ని, సంగతి తెలిశాక, డొరొతీ విమలకుమారికే ఇచ్చేసింది. పెళ్ళిలో అతిథులు ఆశీస్సులు రాసింది అందులోనే. పెళ్ళికూతురి తల్లి కొత్త జాకెట్టు తొడుక్కుని, రెండు చేతులూ పైకెత్తి పాట పాడింది.

ఏడాది తిరిగాక రామమోహన్ లెక్క చూసుకున్నాడు. కొలతలకని ఆడవాళ్ళు ఇప్పుడు ఫిలడెల్ఫియా నుంచి కూడా వస్తున్నారు. వచ్చినవాళ్ళు చీర కొనకుండా పోవటం లేదు, జర్నల్ కొనకుండా అసలే పోవటం లేదు. వెనక గది నళినిది, ముందు బల్ల డొరొతీది. కొలతల వేళ మగవాళ్ళు ఉండకూడదు గనక యజమాని వ్యాన్లో కూర్చుంటున్నాడు. కొట్టు బోర్డు మీద మాత్రం ఇంకా అతని పేరే ఉంది.