గోడ మీద తారీఖు

ఆదివారం పొద్దున నాగేందర్ పెట్టుకున్న పని చిన్నదే, వంటింటి గోడకు ఒక కిటికీ కొట్టడం. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం పెట్టుకుంటున్న పనే కనుక పెద్దగా కంగారు పడకుండా లేచాడు.

పాలమూరులో ఆ పాతిల్లు కొన్నప్పుడు, మేస్త్రీల ముఖం చూడకుండా అంతా తన చేతులతోనే బాగుచేస్తానని ఆయన పంతం పట్టాడు. కాలేజీ ఆఫీసులో గుమస్తా కదా, ఇంటినీ ఫైలు లాగే నడిపాడు. హాలు గోడలకు నిచ్చెన అందినంత వరకే రంగు పడింది. స్నానాలగదికి తలుపు బదులు దుప్పటి వేలాడుతోంది, లోపలున్నవాళ్లు దగ్గుతూ ఉండాలి. పూర్తయింది ఒక్కటే, పనిముట్లు దాచుకునే అర్ర. అదీ చెప్పిన తారీఖు దాటిన ఏడాదికి. వంటింటి కిటికీకి అడ్డంగా లేచి నాలుగడుగులు వీధిలోకి వచ్చింది. అప్పటినుంచి తాలింపు పొగకు బయటికి దారిలేక భార్య సుహాసిని కళ్లలోకి పోతోంది. పక్కనే ఇంకో కిటికీ కొడతానని ఆమెకు మాటిచ్చి ఉన్నాడు.

"ఇరవై నాలుగుకు మా బాపు కండ్ల దవాఖానకు వస్తుండు," అంది సుహాసిని. "ఆలోపు వంటింట్ల గాలి రావాలె. లేకుంటే ఆయనతోటే తల్లిగారింటికి కోస్గి పోత. మళ్ల రాను."

"గంత మాటెందుకే? ఇయ్యాల్నే మొదలువెడుతున్న గద."

"మొదలువెట్టుడు నీకు మంచిగొచ్చు. తారీఖు గోడ మీద రాయి, నలుగురు సూడాలె."

ఆమె గొంతులో కోపం లేదు. నాగేందర్‌కు భయం వేసింది అందుకే. గ్రిల్లుకని కొని గ్రిల్లుకు వేయని ఎర్రరంగు డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. అర్రకు నాలుగడుగుల దూరంలో, కొత్త కిటికీ రావాల్సిన చోట, వీధివైపు గోడ మీద నిలువుగా గీత కొట్టాడు. ఆ గీత నుంచి అర్ర వైపు ఒక బాణం వేశాడు. పైన '4 అడుగులు' అనీ కింద '24వ తారీఖు' అనీ రాశాడు. ఇంత పని చేశాక మనిషన్నవాడికి అలుపు రాదా? లోపలికి వెళ్లి చాయ్ ముందు కూర్చున్నాడు.

ఎదురుగా కిరాణం దుకాణం తెరవడానికి వచ్చిన రామచంద్రం ఆ గోడ చూసి అక్కడే ఆగిపోయాడు. రోడ్డు వెడల్పు చేసేముందు మున్సిపాలిటీవాళ్లు కొట్టేదీ ఎర్రగీతే, పక్కన రాసేదీ అడుగులే.

"సారూ, మున్సిపాలిటోళ్లు ఎప్పుడొచ్చి గీసిపోయిర్రు? నాలుగడుగులంటే నా దుకాణం ముంగటి రేకులన్ని పాయె. జర అర్జీ నువ్వే రాయాలె. నీ లెక్క రాసెటోడు గీ గల్లీల ఎవడున్నడు?"

నాగేందర్ నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ ఇన్నేళ్లలో ఆయన చేతిపనిని ఆ గల్లీలో ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి గల్లీ అంతా ఆయన హాల్లో ఉంది. నాలుగు మేకల మీద బతికే ఉప్పలమ్మ అడిగింది. "నా మేకల కొట్టం గూడ పోతదా కొడుకా?"

"ఫికర్ చెయ్యకు అవ్వా. రాస్తున్న గద."

సుహాసిని ఆయనను వంటింట్లోకి పిలిచింది. "గీసింది నేనే అని చెప్పరాదు?"

"చెప్త, జర ఆగు. గిప్పుడు చెప్తే నవ్వుతరు."

"మరి కిటికీ?"

"అర్జీ అయినంక."

ఇంత గట్టి సాకు ఆయనకు ఎప్పుడూ దొరకలేదు. అర్జీ మీద వారం రోజులు కూర్చున్నాడు. చివర్లో ఆఫీసు అలవాటు కొద్దీ, "కావున తమరు మా వీధిని స్వయముగా కొలిపించి, ఆక్రమణలు ఏవైనా ఉన్నచో తక్షణమే తొలగించి న్యాయము చేయగలరని ప్రార్థన" అని ముగించి, ఆ వాక్యాన్ని అందరికీ రెండుసార్లు చదివి వినిపించాడు. మొదటి సంతకం సుహాసిని పెట్టింది. పెళ్లాం ఇన్నాళ్లకు తనకు విలువిచ్చిందని ఆయన తెగ సంబరపడ్డాడు.

జనం మాత్రం అర్జీని నమ్ముకుని కూర్చోలేదు. మిషను వచ్చి విరగ్గొట్టేకన్నా మనమే తీసుకుంటే సామానైనా మిగులుతుందని రామచంద్రం రేకులు విప్పుకున్నాడు. ఉప్పలమ్మ కొట్టాన్ని పెరట్లోకి జరిపింది. మిగతావాళ్లు అరుగులు తవ్వుకున్నారు. ఇవన్నీ చూసి నాగేందర్ గీసింది తనేనని చెప్పడానికి గడప దాకా వచ్చేవాడు. రేపు చెబుదాం అనుకునేవాడు. రేపటికి ఎవరో ఒకరు సారూ అంటూ చాయ్ పోసేవారు.

ఇరవై నాలుగు రానే వచ్చింది. గడప దగ్గర సుహాసిని బ్యాగు, బ్యాగు పక్కన దవాఖాన నుంచి కంటికి పట్టీతో వచ్చిన మామ గోపయ్య. అప్పుడే గల్లీలోకి జీపు వచ్చింది. దాని వెనకే పక్క గల్లీలో మురుగు మోరీ తవ్వుతున్న జేసీబీ.

"రోడ్డు వెడల్పా? మాకు గట్లాంటి ముచ్చట్నే తెల్వదు," అన్నాడు జీపు దిగిన అధికారి. "అర్జీ వచ్చింది, కొలుస్తున్నం."

ఈ చివర నుంచి ఆ చివరకు టేపు పట్టారు. వీధి అద్దంలా ఉంది. మిగిలింది నాగేందర్ అర్ర ఒక్కటే. అధికారి గోడ మీద రాత చూసి, టేపు చూసి, మళ్లీ గోడ చూశాడు.

"నాలుగంటే సరిగ్గ నాలుగే. తారీఖు గూడ ఇయ్యాల్టిదే. ఎవలు గీసిర్రు గిది?"

గల్లీ అంతా నాగేందర్ వైపు తిరిగింది.

"నేనే సార్," అన్నాడాయన.

"మంచిగ గీసినవ్. అందరు నీ లెక్కుంటే మాకు పని అల్కగైతది."

రామచంద్రం, రేకులు లేని తన దుకాణాన్ని ఒకసారి, నాగేందర్‌ను ఒకసారి చూశాడు. ఆ తర్వాత ఆ గల్లీలో ఎవరూ ఆయనను సారూ అనలేదు.

"అర్రల సామాన్లున్నయి సార్, రెండు దినాలు..." అని నాగేందర్ గొణిగాడు.

"లేవు," అంది సుహాసిని. "గోడ మీది తారీఖు ఇయ్యాల్నే గద, పొద్దుగాల్నే తీసి హాల్ల వెట్టిన."

పది నిమిషాలు పట్టింది. దుమ్ము అణిగాక, అర్ర వెనక నాలుగేళ్లు దాక్కున్న పాత కిటికీ చెక్కుచెదరకుండా కనిపించింది. సుహాసిని లోపలినుంచి రెక్కలు నెట్టింది. వంటింట్లోకి ఎండా గాలీ కలిసి వచ్చాయి. ఆమె కళ్లు నిండాయి. ఈసారి పొయ్యి మీద తాలింపు లేదు.

"ఒక్క కంటికే గింత ఎలుగు గనవడుతుందేంది బిడ్డా," అన్నాడు గోపయ్య.

"కూసో బాపూ, చాయ్ వెడుత," అని ఆమె బ్యాగు లోపలికి తీసుకుపోయింది.

నాగేందర్ సున్నం తెచ్చి గోడ మీద రాతను చెరపబోయాడు. కిటికీలోంచి సుహాసిని వద్దంది. ఆ ఇంట్లో చెప్పిన తారీఖుకు పూర్తయిన పని అదొక్కటే మరి.